ఎర్ర కాగితం చుట్టిన టార్చి

శ్రీరామప్ప ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక తెల్ల దీపం వెలగడానికి వీల్లేదు. చట్టం చేసింది కొడుకు మునీంద్ర. దానికి కాపలా మాత్రం తండ్రి శ్రీరామప్పది. కోలారు దగ్గర టేకల్ చుట్టుపక్కల పల్లెల్లో ఏ కొడుకైనా ఇలాంటి మాట అంటే తండ్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని "పోరా, నీ మొగానికి చీకటొకటా!" అని లేచిపోతాడు. శ్రీరామప్ప లేచిపోలేదు సరికదా, ఇంట్లో ఉన్న టార్చీలన్నిటికీ పూలగుత్తులకు చుట్టే ఎర్ర ప్లాస్టిక్ కాగితం మడతలు వేసి చుట్టాడు. పైన రబ్బరు బ్యాండు బిగించాడు. ఆవుల కొట్టంలో బల్బు పీకి అటక మీద పడేశాడు. అది చూసి భార్య చిన్నవెంకటమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఆవులకు గూడా చీకట్లో కాపరమా? మీ ఇద్దరికీ బుద్ధి యాడికి పోయింది?"

"నువ్వు గమ్మున ఉండవే. ఆవు పొదుగు నా చేతికి తెల్సు. దానికి లైటెందుకు?"

ఊరు ఊరుకుంటుందా? శ్రీరామప్పా, కరెంటోళ్లు మీ ఇంటికి ఒక్కదానికే తీగ కోసేసినారా ఏమి, అని ఆట పట్టించారు. అయినా ఆయన మీసం కూడా కదపలేదు. "మావాడు ఆకాశం పటం తీస్తాండాడు. మీ వాళ్లు ఏం తీస్తాండారు?" అని ఎదురడిగేవాడు. పక్కతోట చిన్నవెంకటప్ప ట్రాక్టరు పెద్ద లైట్లతో సందులోకి తిరిగిందంటే చాలు, కట్టె పట్టుకుని ఎదురు పోయేవాడు. చిన్నవెంకటప్ప తన మామిడితోటకు మందు కొట్టే పని చల్లటి వేళలోనే చేయాలి, పాపం. లైట్లు ఆర్పితే గుంటలో పడతాడు, ఆర్పకపోతే శ్రీరామప్ప నోట్లో పడతాడు.

మునీంద్రకు ముప్పై దాటాయి. దగ్గర్లోని నరసాపురంలో మోటారు బండ్లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. రంగు వేసి ఆరబెట్టిన పెట్రోలు ట్యాంకుల మీద దుమ్ము గానీ గీత గానీ ఉందేమోనని ట్యూబులైట్ల కింద తిప్పి చూసి, బాగాలేనివి పక్కన పెట్టడం అతని పని. కన్ను అంత నిక్కచ్చి. ఇంటికొచ్చాక ఆ కన్ను ఆకాశానికి తిరిగేది. పెరట్లో, తల్లి అలసందలు ఎండబెట్టుకునే చోట సిమెంటు దిమ్మె కట్టి దాని మీద టెలిస్కోపు నిలబెట్టాడు. టెలిస్కోపు వెనక కెమెరా, కెమెరాకు ల్యాప్‌టాప్, అన్నిటినీ కలుపుతూ వైర్లు. వాటికి తగలకుండా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడవడం నేర్చుకుంది అతని భార్య ప్రేమ.

ఈ పిచ్చి అంటించింది కేజీఎఫ్‌లో అనంతపద్మనాభ మాస్టారు. మునీంద్ర అక్కడ డిప్లొమా చదివేటప్పుడు ఆయన సైన్సు చెప్పేవారు. ఆయన తండ్రి గనుల ఆఫీసులో గుమాస్తా. గనులు మూతపడి ఊరు సగం ఖాళీ అయినా మాస్టారు మాత్రం కదల్లేదు. ఇష్టమున్న పిల్లల్ని సైనైడు దిబ్బ మీదికి తీసుకుపోయేవారు. గనిలో తవ్విన రాయిని పిండి చేసి, సైనైడుతో బంగారం తీసుకుని, మిగిలింది పారబోస్తే గుట్టయిన మట్టి అది. ఆ గుట్ట మీద చీకట్లో నిలబెట్టి, కంటికి టెలిస్కోపు ఆనించి శనిగ్రహం చూపించేవారు. ఎర్ర దీపం నియమం ఆయనదే. తెల్ల వెలుతురు ఒక్కసారి కంట్లో పడితే చీకటికి అలవాటైన చూపు పోతుంది, మళ్లీ రావడానికి చాలాసేపు పడుతుంది, ఎర్ర దీపమైతే ఆ బాధ లేదు అనేవారు.

మొదటిసారి మునీంద్ర నక్షత్రాల పటం మీద ఎర్ర పెన్నుతో చక్కగా గుర్తులు పెట్టుకుని పోయాడు. దిబ్బ మీద ఎర్ర టార్చి వేసి చూస్తే ఒక్క గుర్తు కూడా లేదు. తెల్ల కాగితం నున్నగా ఉంది. మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఎర్ర వెలుతుర్లో ఎరుపు మాయమైపోతాదప్పా! ఈ మాత్రం తెలీదా? నల్ల పెన్ను తెచ్చుకో." ఆ సంగతి మునీంద్ర తర్వాత ఇంట్లో, కంపెనీ బస్సులో, కొత్తగా కనిపించిన ప్రతివాడికీ చెప్పి నవ్వించేవాడు. అంత బాగా తెలుసు అతనికి.

మొదట్లో శ్రీరామప్ప కూడా ఎగతాళే చేశాడు. "మీ మేష్ట్రు ఊర్లో బంగారం అయిపోయిందని ఇంగ ఆకాశంలో తవ్వను పెట్టినారా?" అన్నాడు. తర్వాత ఒకసారి చందమామను చూపిస్తే, అంత మనిషీ పసివాడిలా నోరు తెరిచి, టెలిస్కోపు దగ్గర్నుంచి కదలనన్నాడు. ఆ రోజు నుంచి ఆయన కొడుకు పక్షం.

మునీంద్ర మనసంతా ఒక్క పటం మీద ఉంది. హంస మండలమనే చుక్కల గుంపులో, వేల ఏళ్ల కిందట ఒక పెద్ద నక్షత్రం పేలి చచ్చిపోయింది. దాని పొగ ఇంకా ఆకాశంలో పరుచుకుంటూ సన్నటి దారాలు దారాలుగా మిగిలి ఉంది. ఉత్త కంటికి కనిపించదు. ఆ పొగ వెలిగే ఎరుపును మాత్రమే లోపలికి వదిలే గాజుబిళ్ల కెమెరా ముందు బిగించి, ఒక్కో ఫ్రేమును, అంటే ఒక్కో ఫోటోను, నిమిషాల తరబడి తీసి, ఎన్నో ఉదయాల ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అప్పుడు మెల్లగా తేలుతుంది. తండ్రికి ఇదంతా విడమరిచి చెబితే ఆయన తలెత్తి తూర్పు ఆకాశం వైపు చూశాడు.

"చచ్చిపోయి ఇన్నేండ్లయినా కనిపిస్తాదంటావా?"

"కనిపిస్తాది నాయనా. ఓపికుండాల."

"ఓపిక నాకుండాది" అన్నాడు శ్రీరామప్ప. అప్పట్నుంచి ఆయనకది చచ్చిన చుక్క. పాలు పితుకుతూ కూడా "ఏరా, చచ్చిన చుక్క యాడిదాకా వచ్చె?" అని అడిగేవాడు.

ఉగాది దాటాక పక్షం రోజులు తెల్లవారుజామున చందమామ ఉండదు, హంస మండలం తూర్పున పైకి లేస్తుంది. కిందటేడు ఆ రోజుల్లో మబ్బులు. అంతకు ముందేడు టెలిస్కోపును తిప్పే మోటారు చెడింది. ఈ ఏడు అన్నీ కుదిరాయి. పటం పూర్తయితే కేజీఎఫ్‌లో తను చదువు చెప్పిన చోట గోడకు పెద్దది చేసి పెట్టిస్తానని మాస్టారు మాట ఇచ్చారు. ప్రారంభానికి రిబ్బను కత్తిరించేది శ్రీరామప్పేనని కూడా తేల్చారు. దానికోసం ఆయన కొత్త పంచె తీసి పెట్టుకున్నాడు, వద్దన్నా వినకుండా.

ఇంకొక్క ఉదయం చాలు. మర్నాటి నుంచి మబ్బులని ఫోను చెబుతోంది.

ఆ ఉదయం ఇంకా చీకటి ఉండగానే మునీంద్ర, తెర వెలుగు తగ్గించిన ల్యాప్‌టాప్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. శ్రీరామప్ప ఎప్పటిలాగే లేచి, ఆవులకు రాగిగడ్డి లాగడానికి వామి దగ్గరికి పోయాడు. టార్చి చంకలో ఉంది, వెలిగించలేదు. ఎర్రదైనా సరే, కొడుకు కెమెరా తెరిచి ఉంచినంతసేపూ ఆయన అవసరమైతే తప్ప వెలిగించడు. అంత శ్రద్ధ.

"అబ్బా!"

"ఏమి నాయనా?"

"ఏమో రా, కాలికి సురుక్కుమనె. గడ్డిలో ఏదో ఉండాది."

"పామేమో చూడు!"

ఎర్ర టార్చి వెలిగింది. శ్రీరామప్ప కాలు రాయి మీద పెట్టి, వంగి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వేలితో రుద్దుకున్నాడు. ఆ వెలుతుర్లో కాలంతా ఒకే రంగుగా ఉంది.

"రగతం లేదురా. పామైతే రగతం వస్తాది గదా. తేలేమో. తడి తడిగా ఉండాది, మంచు ఉంటాదిలే గడ్డి మీద."

మునీంద్ర అప్పటికే లేచి రెండడుగులు వేశాడు. అబద్ధం చెప్పకూడదు, లేచాడు. జేబులోని ఫోను తీసి తెల్ల లైటు వేయబోయాడు కూడా. తండ్రే అరిచాడు.

"లైటు ఎయ్యద్దురా! నీ పటం పాడైపోతాది. తేలుకు నేనేమన్నా కొత్తనా?"

ఫోను మళ్లీ జేబులోకి పోయింది. "సరే, కొంచేపు కూర్చో నాయనా. ఇంగ నాలుగు ఫ్రేములే" అన్నాడు మునీంద్ర.

ఆ నాలుగు ఫ్రేముల మధ్యలో చిన్నవెంకటప్ప ట్రాక్టరు సందులోకి తిరిగింది. రెండు లైట్లూ పెరడంతా పగలు చేసి వెళ్లాయి. కాలి మంటలో శ్రీరామప్ప కట్టె తీసుకోలేకపోయాడు. మునీంద్ర పళ్లు కొరికి, ఆ ఫ్రేము పోయిందనుకున్నాడు. ఆ వెలుతురు పడినప్పుడు తండ్రి కాలి వైపు చూసి ఉంటే! చూడలేదు. కెమెరా వైపు చూశాడు.

తూరుపు తెల్లబడుతుండగా సామాను సర్ది, రెండు చెంబులు పోసుకుని, కంపెనీ బస్సు కోసం పరుగెత్తాడు. కొట్టంలో ఇంకా చీకటే. తండ్రి ఆవు కింద కూర్చుని ఉన్నాడు.

"ఎట్లుండాది?"

"ఉండాదిలే, మంట. నువ్వు పో, బస్సు తప్పిపోతాది. చచ్చిన చుక్క దొరికెనా?"

"దొరికినట్టే నాయనా."

శ్రీరామప్ప పాల క్యాను ఎత్తుకుని కుంటుకుంటూ డెయిరీకి పోయాడు. పాలు కొలిచే సీనప్ప ట్యూబులైటు కింద కూర్చుని ఉన్నాడు. "రాప్పా శ్రీరామన్నా" అంటూ తలెత్తి, అలాగే ఆగిపోయాడు. వాకిలి నుంచి బల్ల దాకా తెల్ల బండల మీద ఒక్క కాలి ముద్రలే, ఎర్రగా, తడిగా. చెప్పు నిండిపోయి ఉంది.

"అన్నా, నీ కాలు!"

శ్రీరామప్ప కిందికి చూసుకున్నాడు. "ఇదేందిరా, ఇందాక లేదే" అన్నాడు. అలా అన్నప్పుడు పళ్ల సందుల్లో కూడా నెత్తురుంది.

పాల వ్యానులోనే కోలారు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఫోను రాగానే మునీంద్ర సగం దారిలో బస్సు దిగి, ఎవరిదో బండి పట్టుకుని వెళ్లేసరికి డాక్టరమ్మ ఒక గాజు గొట్టంలో కొంచెం నెత్తురు పట్టి నిలబెట్టి ఉంచింది. గడ్డకట్టాల్సిన నెత్తురు నీళ్లలా అటూ ఇటూ ఊగింది. రక్తపింజర అన్నారు. మందు వెంటనే ఎక్కించారు, చేయగలిగిందంతా చేశారు. కానీ విషం ముందే పోయి మూత్రపిండాల్లో కూర్చుంది.

డాక్టరమ్మకు కోపమేమీ లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. "చీకట్లో కాటు పడింది, సరే. అప్పట్నుంచి కారుతూనే ఉంది గదమ్మా. ఇంట్లో ఎవురూ చూడలేదా?"

చిన్నవెంకటమ్మ చేతులు జోడించింది. "చూసుకున్నాడు తల్లీ. టార్చేసి చూసుకున్నాడు. రగతం లేదనె. మా కొడుకు గూడా విన్నాడు. లేదారా?"

మునీంద్ర తల ఊపబోయి ఆగాడు. సైనైడు దిబ్బ, ఎర్ర పెన్ను గుర్తులు, నున్నటి కాగితం, పొట్ట పట్టుకుని నవ్వే మాస్టారు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. తండ్రి మీద బెంగ అనుకుని ప్రేమ నీళ్లు తెచ్చి తాగించింది.

తండ్రికి స్పృహ ఉన్నన్నాళ్లూ నిజం చెబుదామనే మంచం దగ్గరికి పోయేవాడు. ఆయన ఒకటే అడిగేవాడు. "అయిపోయెనా పటం?" "ఇంగా లేదు నాయనా" అనేవాడు ఇతను. "నన్ను ఇంటికి తీసకపోయేలోగా ముగించు. ఈడ నా కాడ కూర్చుని ఏం పీకుతావు?" అని విసుక్కునేవాడు ఆయన. ఆ విసుగు విన్నాక ఇతను చెప్పకుండానే లేచి వచ్చేసేవాడు. ఒక మధ్యాహ్నం శ్రీరామప్ప కన్ను మూశాడు. మామిడితోట పక్కనే, చిన్నవెంకటప్ప ట్రాక్టరు తిరిగే మలుపు దగ్గర మట్టి చేశారు. కొత్త పంచె ఆయనతోనే పోయింది.

దినాలకు కేజీఎఫ్ నుంచి మాస్టారు వచ్చారు. చుట్టాలంతా తిని వెళ్లాక, మునీంద్ర ఆయన్ని లోపలికి పిలిచి తలుపు వేశాడు.

"సార్, ఎర్ర లైటులో మా నాయనకు రగతం కనపడలేదు. ఎట్ల కనపడతాది? నాకు తెల్సు గదా సార్. నాకు ముందే తెల్సు గదా!"

మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నారు. ఏమని ఓదారుస్తారు, నియమం ఆయనదైనప్పుడు?

"ఆయన కోరిక అదొక్కటే సార్. ముగిస్తాను. ముగించి పెడతాను" అంటూ మునీంద్ర ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆ ఉదయం ఫ్రేములు అంతవరకు ముట్టుకోలేదు. ట్రాక్టరు లైటు పడిన దాన్ని ముందు తీసి పారేద్దామని వెతికాడు. దొరకలేదు. టైము చూసి పట్టుకున్నాడు. తెరిచాడు. పెద్దది చేశాడు. దాని ముందుదీ వెనకదీ పక్కపక్కన పెట్టాడు. రోజూ ట్యాంకుల మీద మచ్చలు పట్టే కన్ను అది, ఎంత వెతికినా తేడా పట్టలేదు. నల్లటి ఆకాశం, సన్నటి దారాలు, శుభ్రంగా ఉన్నాయి.

"సార్, ట్రాక్టరు లైట్లు రెండూ పడినాయి దీని మీద. ఏమీ కాలేదే?"

మాస్టారు వంగి మూడు ఫ్రేములూ దగ్గరగా చూశారు. తర్వాత కళ్లజోడు తీసేశారు. "టెలిస్కోపు పైకి చూస్తాంటాది. ముందర గొట్టం ఉండాది, గాజుబిళ్ల ఉండాది. పెరట్లో లైటు వేస్తే దానికేమవుతాదప్పా? ఎర్ర దీపం కంటికి. నేను కంటితో చూసేవాణ్ని. నువ్వు కన్ను పెట్టి ఎన్నేండ్లయింది?"

"మరి నేనెందుకు..."

ఎందుకో అతనికే తెలుసు. మొదట తెలియక పెట్టాడు. తర్వాత బాగుందని ఉంచాడు. తన మాట మీద ఇల్లంతా చీకటైపోవడం, ఊరంతా మాట్లాడుకోవడం, తండ్రి కట్టె పట్టుకుని ట్రాక్టరుకు అడ్డం పోవడం గొప్పగా ఉండేది. అవసరమా కాదా అని ఒక్కసారి పరీక్ష చేసి చూసి ఉంటే తేలిపోయేది. ట్యాంకు మీద దుమ్ము చుక్కకు పదిసార్లు తిప్పి చూసేవాడు ఇది చూడలేదు.

మాస్టారు మధ్యాహ్నం రైలుకని బంగారుపేటకు వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు గోడకు పటం పెట్టే మాట ఎత్తలేదు. మునీంద్ర పిచ్చి పట్టినవాడిలా ఫ్రేములన్నీ పేర్చాడు. ఇంక ఆపడం చేతకాలేదు. పొద్దు కూకి చీకటి పడే వేళకు పటం తేలింది. నల్లటి ఆకాశం మీద ఎర్రటి దారాలు, ఎవరో పీకి విసిరేసినట్టు, తెర ఈ మూల నుంచి ఆ మూలకు. ఇన్నేళ్లు ఎదురుచూసింది ఇదే. చక్కగా వచ్చింది, పాపిష్టిది!

కిటికీలోంచి బయటికి చూశాడు. వామి దగ్గర ఎర్రటి వెలుతురు కదులుతోంది. చిన్నవెంకటమ్మ. ఒట్టి కాళ్లతో, చెప్పులు కూడా లేకుండా, ఎర్ర కాగితం టార్చి చంకలో ఇరికించుకుని వామిలో చెయ్యి పెట్టి గడ్డి లాగుతోంది.

"అమ్మా!"

ఒక్క పరుగున పోయి ఆమెను వెనక్కి లాగాడు. టార్చి లాక్కుని కాగితం చించేశాడు. అంతటితో ఆగలేదు. అటక మీది బల్బు తెచ్చి కొట్టంలో పెట్టాడు. వాకిట్లో, పెరట్లో, వంటింట్లో ఎన్ని స్విచ్చులుంటే అన్నీ వేశాడు. ఆవులు కళ్లు మిటకరించాయి. తల్లి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆర్పురా, ఆర్పు! నీ పటం అయ్యేదాకా తెల్ల లైటు ఎయ్యద్దని మీ నాయన నాకు చెప్పిపోయినాడు."

"పటం అయిపోయిందమ్మా."

"అయిపోయెనా?" ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది. అది చూసి మునీంద్ర తట్టుకోలేకపోయాడు. దాచుకున్నదంతా అక్కడే, గడ్డి మీద కూలబడి చెప్పేశాడు. ఎర్ర లైటులో రగతం కనపడదని చెప్పాడు. అది తనకు ముందునుంచే తెలుసునని చెప్పాడు. తెల్ల లైటు వేసినా పటానికి ఏమీ అయ్యేది కాదని కూడా చెప్పాడు. "నేనే అమ్మా, నేనే" అన్నాడు.

తల్లి అరుస్తుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననిపించింది. ఆమె వంగి, చించిన ఎర్ర కాగితం ఏరి చేతిలో ఉండ చుట్టింది. ప్రేమ గడప దగ్గరికొచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఆ పటం తీసకరా" అంది చిన్నవెంకటమ్మ.

ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు. ఆమె అరుగు మీద కూర్చుని, కళ్లు చికిలించి చూసింది. వేలితో తెర మీద ఒక దారాన్ని చివరిదాకా తడిమింది.

"ఇదేనా చచ్చిన చుక్క?"

"ఇదేమ్మా."

"ఎర్రగా ఉండాదే."

"అవునమ్మా."

"శానా దూరమా?"

"శానా దూరమమ్మా."

"అంత దూరాన ఉండే ఎరుపు పట్టినావు గదరా నువ్వు" అంది.

గొంతు హెచ్చించలేదు. ల్యాప్‌టాప్ మూసి అతని చేతికిచ్చింది. లేచి, కాగితం లేని టార్చి తీసుకుని, వామి అడుగంతా చుట్టూ వెలుతురు వేసి చూసుకుంది. ఆవులకు గడ్డి లాగడం మొదలుపెట్టింది.